వేడికి చుట్టరికం కలిపిన ఆదివారం

“వేడిగా ఉన్నదేటే?”

“గరమేనండి. తాగండి.”

మా ఇంటాయనా నేనూ చివరిసారిగా మాట్లాడుకున్నవి ఈ రెండు మాటలే. ఇంకేదైనా గొప్ప మాట అనుకుని ఉంటే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేది. ఆయన గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగి, బాగుందన్నట్టు కనుబొమలు ఎగరేసి, కుర్చీలో వెనక్కి వాలారు. అంతే. పరామర్శకు వచ్చినవాళ్లు “ఆఖరికి ఏమన్నారమ్మా?” అని అడిగితే “టీ వేడిగా ఉందా అన్నారు” అని చెప్పేదాన్ని. వాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. నాకేమో కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చేది. మొగుడు పోయిన పదో రోజున నవ్వే ఆడదాన్ని లోకం ఏమనుకుంటుంది? కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుస్తున్నట్టు భుజాలు కదిపేదాన్ని. ఆ ప్రశ్న ఆయన నలభై ఏళ్లు అడిగారు. టీ ఇచ్చినా, చారు పోసినా, చివరికి స్నానానికి నీళ్లు తోడినా అదే ప్రశ్న. ఎందుకు అడిగేవారో మా ఇద్దరికీ, మా మరిదికీ, ఒక ముసలి ప్రొఫెసరు గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ చెప్తే ఆయన పరువు పోతుందనుకున్నాను, ఇప్పుడు చెప్పకపోతే ఆయనే పోయినట్టుంది. అందుకని రాయిస్తున్నాను. నేను రెండో తరగతి దాకా చదివి, పలక పగిలిపోయిందని మానేసిన మనిషిని. రాస్తున్నది మా మరిది కూతురు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది గానీ రాత మాత్రం ముత్యాల్లాంటి తెలుగు. (నీ గురించి కూడా రాయమ్మా. మంచే చెప్పాను కదా.)

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్‌లో దేనికి కరువొచ్చినా వేడికి మాత్రం రాలేదు. పైన ఎండ, పక్కన కార్ఖానా, ఇంట్లో బొగ్గుల పొయ్యి. మేము బర్మామైన్స్‌లో ఒక గదీ, ఒక వంటిల్లూ ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. ఆయనకు ఫర్నేసు దగ్గర పని. నేను పలాస అవతల పల్లెటూరి నుంచి పెళ్లయి వచ్చాను, హిందీ ముక్క రాదు. నేర్చుకున్న మొదటి మాట ‘గరం’. గరం చాయ్, గరం జిలేబీ, గరం చనా అని పొద్దుటి నుంచి వీధంతా అదే కేక. మనిషికి కోపమొచ్చినా దిమాగ్ గరమే. ఒక్క మాట నేర్చుకుంటే సగం ఊరు అర్థమైపోయింది. ఆ ఒక్క మాటతో రెండేళ్లు బజారు చేసుకొచ్చాను! ఇంట్లో మాత్రం వేడే. గడప లోపల వేడి, గడప దాటితే గరం. పక్కింట్లో ఆరా జిల్లా నుంచి వచ్చిన భోజ్‌పురీ భాభీ ఉండేది. ఆవిడ ముగ్గురు పిల్లలూ మా వంటింట్లోనే పాకేవాళ్లు. వాళ్లు పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను “వేడి! వేడి!” అని అరిచేదాన్ని. ఈ అరుపు తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

మా మరిది రాంచీలో ఎం.ఏ. చదివేవాడు. ఆ చదువు పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. మాటలకు తల్లులనూ తాతలనూ వెతికే చదువు. వీధిలో అందరూ వాడిని డిక్షనరీబాబు అనేవాళ్లు. సన్నగా, కళ్లద్దాలు ముక్కు మీంచి జారుతూ, తాడు మీద ఆరేసిన చొక్కాలా ఉండేవాడు. ఆ ఏడు పరీక్షలు అయిపోయి, పెట్టెడు పుస్తకాలతో ఇంటికి వచ్చాడు. వాడికి పై చదువు చదవాలని ప్రాణం. దానికి ఒక పెద్ద ప్రొఫెసరు గారు ఒప్పుకుని తన దగ్గర చేర్చుకోవాలి. ఆయన మా ఊళ్లోనే కద్మాలో ఉన్న కూతురింటికి వస్తున్నారనీ, ఆదివారం వచ్చి చేసిన పని చూపించమన్నారనీ ఉత్తరం వచ్చింది. మా ఆయన ఆ ఉత్తరం రెండు వైపులా తిప్పి చూసి తీర్పు చెప్పేశారు.

“ఒరే, మాటల తాతల్ని ఎతికితే మాటలే దొరుకుతాయి, బువ్వ దొరకదు. ఆదోరం ఆ మాస్టారు సై అంటే ఎల్లి సదువుకో. కాదంటే సోమోరం పొద్దుట కార్ఖానా భోంపూ కూసీసరికి నా ఎనకాల ఫర్నేసుకాడ నిలబడు. సాబుతో మాటాడీసినాను.”

“సరే అన్నయ్యా,” అన్నాడు మరిది. ఆ ‘సరే’ ఎంత సన్నగా వచ్చిందంటే, ఫర్నేసు కాదు, మా బొగ్గుల పొయ్యి ముందు కూడా ఆ గొంతు నిలబడదు.

మర్నాటి నుంచి వంటింటి నేల మీద మంచమంత కాగితం పరిచి గీతలు గీయడం మొదలుపెట్టాడు. అంత కాగితం పరవడానికి ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు. నేను దాని చుట్టూ పిల్లిలా అడుగులేస్తూ వంట చేసేదాన్ని.

“ఇదేటి మరిదీ, ముగ్గా?”

“కాదు వదినా, వంశవృక్షం. ఒక మాటది.”

“ఏ మాటది?”

“గరం.”

పుట్టింటి నుంచి ఎవరో వచ్చినంత సంబరమైంది నాకు! ఊళ్లో ఇన్ని వేల మాటలుండగా నాకు తెలిసిన ఒక్క మాట మీదే మా మరిది చదువంతా ఉందట. గరిటె పక్కన పెట్టి కూర్చున్నాను. మరిది గూట్లో ఉన్న మా ఆయన డ్యూటీ థర్మాసు చూపించాడు. “ఆ థర్మాసూ, గరమూ ఒకే తల్లి పిల్లలు వదినా,” అన్నాడు. నేను లేచి థర్మాసు దించి, అడుగున ఏమైనా రాసుందేమోనని తిప్పి కూడా చూశాను. వేల ఏళ్ల కిందట ఎక్కడో కొంతమంది మనుషులుండేవాళ్లట. వెచ్చగా ఉన్నదాన్ని వాళ్లు ‘ఘ్వెర్మోస్’ అనేవాళ్లట. (ఆ మాట పలకాలంటే నోట్లో ఉడుకు చిలగడదుంప పెట్టుకోవాలి.) ఆ మనుషులు తలో దిక్కుకూ వెళ్లిపోయారట. గ్రీకుల నోట్లో అది థర్మోస్ అయింది. పర్షియా వాళ్ల నోట్లో గర్మ్ అయి, గుర్రాలెక్కి ఢిల్లీ వచ్చి, మా వీధిలో చనా బండి మీద గరమై కూర్చుంది. సంస్కృతంలో ఘర్మం. పురాణాల్లో చెమటను ఘర్మజలం అంటారే, అదే. పక్కింటి భాభీ ఎండను ‘ఘామ్’ అంటుంది కదా, అది ఆ ఘర్మం కూతురు. రోము వాళ్ల దగ్గర ఫోర్ముస్ అని ఇంకో తమ్ముడు, ఆయన ఇంటి తాలూకుదే ఫర్నేసు. ఇంగ్లీషు వాళ్ల వార్మ్ కూడా ఈ తల్లి కొడుకేనని కొందరు, కాదు వేరే ఇంటివాడని కొందరు ఇంకా పంచాయితీ పడుతున్నారట. ప్రతి ఇంట్లోనూ అలాంటివాడు ఒకడు ఉంటాడు కదా.

“మరి ఆయమ్మ పేరు ముందర ఆ సుక్కేటి?”

“ఆ మాటని ఎవులూ రాసి పెట్టనేదు వదినా. మనం ఎవులం ఇన్నేదు. పిల్లల పోలికలు సూసి, తల్లి ఇలాగుండుంటాదని మేము కట్టుకున్నాం. కళ్లతో సూడనేదని ఒప్పుకోడానికే ఆ సుక్క.”

నేను ఠక్కున లేచి నిలబడ్డాను. ఎందుకంటే మా ఇంట్లోనూ అలాంటి తల్లి ఒకావిడ ఉంది. మా అత్తగారు. నేను కాపురానికి రాకముందే పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఏటా ఆవిడ తద్దినం నాడు మా ఆయనా, మరిదీ, మా ఆడపడుచూ వరసగా కూర్చుని ఆవిడ ఎలా ఉండేదో చెప్పుకుని కొట్టుకునేవాళ్లు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముగ్గురిలో ఇద్దరికి ఏది ఒకేలా ఉంటే అది అమ్మది. మా ఆయనకూ ఆడపడుచుకూ ముక్కు చిలక ముక్కు, కాబట్టి అత్తగారి ముక్కు అదే. మరిదికీ ఆడపడుచుకూ చేట చెవులు, కాబట్టి చెవులు అవే. అలా ముక్కూ చెవులూ గడ్డమూ పోగేసుకుని నేనూ మనసులో ఒక అత్తగారిని తయారుచేసుకుని రోజూ దండం పెట్టుకునేదాన్ని.

“ఐతే మన అత్త పేరు ముందర కూడా సుక్క ఎట్టాలి కదేటి!” అన్నాను.

మరిది కలం కింద పడేశాడు. “ఓలమ్మ వదినా! ఇదే ముక్క నాకు బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది!”

ఇక నన్ను పట్టగలరా? “అదంతా సరే గానీ మరిదీ, ఇంతమంది పిల్లలున్నారు, మరి తండ్రెవులు?” అని అడిగాను. మాటలకు తండ్రి ఉండడన్నాడు. “అదేటి, అంత పెద్దింటి ఆడమనిషి, దేశానికొక పిల్లడు, తండ్రి నేడంతావా?” అన్నాను. వాడు దగ్గుతూ నీళ్ల కుండ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన డ్యూటీ నుంచి రాగానే కాళ్లు కడుక్కోనివ్వకుండా అంతా చెప్పాను. “ఐతే నాను దినమూ ఎనిమిది గంటలు మీ సుట్టం పక్కనే నిలబడతన్నాననమాట. సుట్టం కాదే అది, రాచ్చసి,” అన్నారు.

మర్నాడు నేను వీధిలోకి బయలుదేరాను. మా వైపు మనిషి ఎక్కడ కనబడినా ఊరేదీ, ఇంటిపేరేదీ అని అడిగి, పిన్నో బాబాయో ఏదో ఒక వరస కలిపితే గానీ మాకు అన్నం అరగదు. వరస తెలియకుండా మంచినీళ్లు కూడా పుచ్చుకోం. పొయ్యి మీద గిన్నె చూపించి దీన్ని ఏమంటారు అని ఇంటింటికీ తిరిగాను. భాభీ నా వైపు జాలిగా చూసి, “గరం కే గరమే న కహల్ జాయీ, ఔర్ కా?” అంది, గరాన్ని గరమనక ఇంకేమంటారన్నట్టు. ఆవిడను కావలించుకుని మనం చుట్టాలం అని చెప్పాను. చివరింటి సర్దార్జీ గరం అన్నాడు, ఆయనను అన్నయ్యా అన్నాను. బెంగాలీ దర్జీ గొరోమ్ అన్నాడు, బాబాయిని చేశాను. మిఠాయి కొట్టు ఒడియా పెద్దాయన గరమ అన్నాడు, మావయ్య అయ్యాడు. రెండు గంటల్లో బర్మామైన్స్‌లో నాకు పరాయివాళ్లు లేకుండా పోయారు! చివర్లో ఆకు దొన్నెలు అమ్ముకునే సంతాలీ ఆవిడను అడిగాను. ఆవిడ నవ్వి “లోలో” అంది. నా కాలు ఆగిపోయింది. ఆవిడకు వరస కుదరలేదు. అప్పుడు తట్టింది, మరి మన వేడి? మరిది కాగితం మీద అంతమంది చుట్టాల్లో మన వేడిని చూసిన గుర్తే లేదు. పరుగున వస్తుంటే భాభీ వాకిట్లో చిన్నది పొయ్యి వైపు పాకుతోంది. ముట్టుకోవద్దని భాభీ అరిచింది: “అరే, వేడీ బా! మత్ ఛూ!”

ఆరా జిల్లా ఆవిడ నోట్లో మా పలాస మాట! గుమ్మంలోంచే మరిదిని నిలదీశాను.

“వేడి ఎక్కడయ్యా?”

“అది ఈ ఇంటి మాట కాదు వదినా. మన తెలుగూ, అరవమూ, కన్నడమూ వేరే కుటుంబం. వేరే తల్లి.”

“పక్కింటి భాభీ నోట్లో ఉన్నాది, నీ కాయితంలో ఉండదా?”

“నోట్లో ఉంటే సరిపోదు. పుట్టుక ఉండాలి.”

“పుట్టుకా! నాను ఈ ఇంట్లో పుట్టినానేటి? మీ అమ్మ ముక్కు నాకున్నాదేటి? మరి నన్నెందుకు వంటింట్లో కూకోబెట్టినారు?”

“ఇది శాస్త్రం వదినా,” అన్నాడు కళ్లద్దాలు తోసుకుంటూ.

“మంచిది,” అన్నాను. శుక్రవారం నుంచి వాడికి చల్లన్నం పెట్టాను. చల్లారిన చారు, చల్లారిన పప్పు. టీ కాచి, వాడి వాటా చెంబులో పోసి, మీగడ గట్టిపడేదాకా ఆగి ఇచ్చాను. మొదటి రోజు అలాగే తినేశాడు. రెండో రోజు, “వదినా, కాస్త వేడి సేసి...” అని నోరు విప్పాడు. “వేడి నీ కాయితంలో నేదు కదా మరిదీ, కంచంలో ఎలాగొత్తాది?” అన్నాను. మా ఆయన పొగలు కక్కే అన్నం ముందు కూర్చుని తమ్ముడి కంచం వైపు చూసి, తలొంచుకుని గబగబా తినేశారు. మా మధ్యకు రావడానికి ఆయనకూ ధైర్యం చాలలేదు.

ఆదివారం పొద్దున్న మరిది స్నానానికి వెళ్లాడు. కాగితం గోడకు ఆనించి ఉంది. అంత శుభమైన పని మీద వెళ్తున్న కాగితం బోసిగా ఉండటం చూడలేకపోయాను. శుభలేఖకు పెట్టినట్టు నాలుగు మూలలా తడి పసుపు పెట్టాను. (ఇది నా తప్పు కాదు, చేతులకున్న అలవాటు.) తర్వాత ఘ్వెర్మోసమ్మకు కుంకుమ పెట్టబోయి, భర్త సంగతి ఇంకా తేలలేదని ఆగిపోయాను. తర్వాత చేసింది మాత్రం నా తప్పే. అగ్గిపుల్ల కాటుకలో ముంచి, నాలుక బయటపెట్టి, గరం పక్కన ఖాళీ చూసి, ‘వేడి’ అని రాశాను. పలక పగిలిన తర్వాత నేను రాసిన మొదటి మాట అదే. గుడి దీర్ఘమైందో ఏమో తెలియదు గానీ, చిలక ముక్కులా అందంగా వచ్చింది. దాని నుదుట కుంకుమ కూడా పెట్టాను. ఇంతలో బయట రిక్షా వచ్చిందని మా ఆయన కేకలు. కాగితం చుట్టి మరిది చేతికిచ్చాను, థర్మాసులో టీ పోశాను, పరుగెత్తి వాళ్లతో పాటు రిక్షా ఎక్కాను. థర్మాసు నా పట్టుదల. చుట్టాల జాబితా చూపిస్తూ ఒక్క చుట్టాన్నయినా వెంట తీసుకెళ్లకపోతే ఎలా?

కద్మాలో ప్రొఫెసరు గారు వరండాలో తెల్లటి ధోవతి కట్టుకుని కూర్చుని ఉన్నారు. బెంగాలీ ఆయన, హిందీలో మాట్లాడారు. మరిది కాగితం విప్పాడు. ముందు, దారిలో ఎండిపోయిన పసుపు పొడిగా రాలి ఆయన ధోవతి మీద పడింది. ఆయన దులుపుకుని, కళ్లజోడు పెట్టుకుని, పై నుంచి ఒక్కొక్క మాటా చదువుకుంటూ కిందికి వచ్చారు. తల ఊపారు. ఇంకాస్త ఊపారు. కుంకుమ బొట్టు దగ్గర ఆగిపోయారు.

“యే క్యా హై?”

మరిది వంగి చూశాడు. ముఖంలో రక్తం చుక్క లేదు. మా ఆయన ఇంటి కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. సోమవారం తమ్ముడికి ఏ కొలత బూట్లు కావాలా అని ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. అప్పుడు గుండెలో కలుక్కుమంది. రెండేళ్లుగా వాడు కంటున్న కలను అగ్గిపుల్లతో పొడిచేశానే అనిపించింది. రాసింది నేనే, మరిది తప్పేమీ లేదని ఒప్పుకుందామని ముందుకొచ్చాను. వచ్చిన హిందీ అంతా పోగేసుకున్నాను, అదెంతో మీకు తెలుసు.

“బాబూజీ, హమ్ లిఖా. దేవర్ కుఛ్ నై కియా. ఏ హమారా తెలుగు కా గరం హై. వేడి.”

“లేకిన్ బేటీ, యే ఇస్ పరివార్ కా నహీ హై,” అన్నారాయన మెత్తగానే, ఇది ఈ కుటుంబానిది కాదని.

“మాలూమ్ బాబూజీ. బేటీ నై హై. బహూ హై. జనమ్ దూస్రా ఘర్ మే. చూల్హా ఏక్ హై.”

మాట అనేశాక భయపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కూతురు కాదు, కోడలు, పుట్టిల్లు వేరు గానీ పొయ్యి ఒకటే. నేననుకున్నది అంతే. ప్రొఫెసరు గారు కాసేపు నన్నూ, కాసేపు బొట్టు పెట్టుకున్న మాటనూ చూశారు. తర్వాత మరిది వైపు తిరిగి, “మీ వదిన చెప్పినదానికి రుజువు ఏమైనా ఉందా?” అని అడిగారు. అప్పుడు వాడికి పక్కింటి భాభీ గుర్తొచ్చింది. ఆరా జిల్లా ఇల్లాలు తన పిల్లలను “వేడీ బా” అని అదిలిస్తోందనీ, ఆ పిల్లలు పొయ్యిని చూసి వేడి అంటూ, టీని చూసి గరం అంటున్నారనీ, వీధిలో మన తెలుగు పిల్లలేమో అన్నం గరం చెయ్యమంటున్నారనీ మొదలుపెట్టాడు. ‘సరే అన్నయ్యా’ అన్న ఆ సన్నటి గొంతేనా అది! కళ్లద్దాలు జారిపోతున్నా తోసుకోవడం కూడా మరిచిపోయి అరగంట మాట్లాడాడు. మా ఆయన కప్పు మీంచి చూపు దించి తమ్ముడిని కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

“ఇందులోంచి ఆ మాట తుడిచెయ్యి,” అన్నారు ప్రొఫెసరు గారు చివరికి. “శాస్త్రం శాస్త్రమే. పుట్టుక లెక్కలో కోడలికి చోటు లేదు. ఇంకో పెద్ద కాగితం తీసుకో. దాని మీద అన్నిటికన్నా ముందు ఆ మాటే రాయి. మీ వీధిలో ఏ మాట ఏ ఇంటికి కోడలుగా వెళ్లిందో వెతుకు. నా దగ్గర నువ్వు చేయాల్సిన పని అదే.” (ఆయన హిందీలో చెప్పింది మరిది రిక్షాలో నాకు మూడుసార్లు తెలుగు చేసి చెప్పాడు. మొదటిసారే అర్థమైంది గానీ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.)

అప్పుడు ఆయన థర్మాసు వైపు చూసి నవ్వుతూ, “ఈ చుట్టాన్ని కూడా పరిచయం చెయ్యి బేటీ,” అన్నారు. నేను గర్వంగా మూత విప్పి పోశాను. ఆయన ఒక గుక్క తాగారు. గ్లాసులోకి చూశారు. థర్మాసు వైపు చూశారు. హడావిడిలో గిన్నెలోని వేడి టీ బదులు, మరిది కోసం చల్లారబెట్టిన చెంబులో టీ పోసుకొచ్చాను! థర్మాసు దాని పని అది చక్కగా చేసింది, చల్లదనాన్ని జాగ్రత్తగా కాపాడి కద్మా దాకా తెచ్చింది.

“బేటీ,” అన్నారు ప్రొఫెసరు గారు, “ఇస్ థర్మస్ నే తో ఖాన్‌దాన్ కా నామ్ హీ డుబో దియా!” వంశం పేరే ముంచేసిందట ఆ థర్మాసు.

ముందు నవ్వింది మా ఆయన. పెళ్లయి రెండేళ్లయినా ఆయన పళ్లన్నీ నేను చూసింది ఆ రోజే. స్తంభం పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలా నవ్వారు. ప్రొఫెసరు గారు పసుపు ధోవతిని పట్టుకుని నవ్వారు. రెండు రోజులుగా అదే టీ తాగుతున్న మరిది మాత్రం, “నాకు బాగానే ఉంది వదినా,” అని రెండో గ్లాసు పోయించుకున్నాడు.

సోమవారం పొద్దున్న భోంపూ కూసింది. ఆయన ఒక్కరే బయలుదేరారు. గుమ్మంలో ఆగి, థర్మాసు ఎత్తి చెవి దగ్గర ఊపి, ముఖం బిగించుకుని అడిగారు: “వేడిగా ఉన్నదేటే?” నేనూ ముఖం బిగించుకుని జవాబిచ్చాను: “గరమేనండి. తాగండి.” ఆయన అడిగేది ఇంటి మాటతో, నేను చెప్పేది వీధి మాటతో. నలభై ఏళ్లలో ఆ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. మరిది ఆ రెండో కాగితం మీదే పెద్ద డిగ్రీ సంపాదించి, పాఠాలు చెప్పి, రిటైరయ్యాడు. మొదటి కాగితం నా పెట్టెలో ఉంది. తుడిచెయ్యమన్నారని వాడు తుడిచాడు గానీ కాటుక ఒక పట్టాన పోతుందా, ఇప్పటికీ వేడి ఉన్న చోట మసక మసకగా ఉంటుంది. పసుపు మాత్రం అలాగే ఉంది. ఎంత తలతిక్క మనిషినో ఆ రోజుల్లో! రెండు అక్షరాల కోసం ఒకడి బతుకు పణంగా పెట్టి, చల్లటి టీ పట్టుకుని ఊరేగాను. ఇప్పుడైతే అంత ధైర్యం చెయ్యను. ఇప్పుడు ఒక్కదానికే టీ కాచుకుంటున్నాను, సగం తాగేసరికి చల్లారిపోతోంది, అడిగేవాళ్లు లేరు.

చాలమ్మా, కలం పెట్టెయ్. ఇప్పుడు మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. పైన రెండు మాటలున్నాయి చూడు, అక్కడి నుంచి. ఆయన మాట నువ్వు చదువు. నా మాట నాకు వదిలెయ్, నేను చెప్పుకుంటాను.